అల్యూమినియం పడవకు ఆ ఐదు చిట్కాలు పాటించకండి

‘అల్యూమినియం పడవకు ఇంటివద్దే రంగు వేసుకోవడానికి ఐదు చిట్కాలు’ అనే సందేశాన్ని హ్యూస్టన్ మిత్రులు ఈ నెలలోనే నాకు నాలుగుసార్లు పంపారు. హ్యూస్టన్ దగ్గరి గాల్వెస్టన్ తీరంలో, ఉప్పునీటిలో పడవ దింపేవారు దీన్ని నమ్మితే పడవే పోతుంది కనుక జవాబు రాస్తున్నాను.

అల్యూమినియం తుప్పు పట్టదు కాబట్టి ప్రైమర్ (రంగు పట్టుకునేందుకు ముందు వేసే పూత) దండగ అన్నది మొదటి చిట్కా. ఆ లోహాన్ని కాపాడే పలుచని ఆక్సైడ్ పొరే రంగును సరిగా పట్టుకోనివ్వదు. రుద్దిన వెంటనే ఆ పొర మళ్లీ పుట్టడం మొదలవుతుంది కాబట్టి అదే పూట ప్రైమర్ పడాలి.

ఇనుప పీచుతో మెరిసేదాకా రుద్దమన్నది రెండోది. దాని రేణువులు లోహంలో దిగబడి, తడి తగిలిన చోటల్లా అల్యూమినియాన్ని తినేస్తాయి. ముందు జిడ్డును సాల్వెంట్‌తో తుడిచి, ఆ తర్వాతే 80 నంబరు శాండ్‌పేపర్ పట్టాలి. వరుస తప్పితే జిడ్డును మనమే గీతల్లోకి కూరినవాళ్లమవుతాం. మీద నీళ్లు పోస్తే పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోయాయంటే జిడ్డు ఇంకా పోలేదన్నమాట.

పాత రంగు ఊడడానికి కాస్టిక్ సోడా వాడమన్నది మూడోది. అది అల్యూమినియాన్నీ కరిగిస్తుంది, మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది. దాని జోలికి పోకండి.

అన్నింటికన్నా నాకు కోపం తెప్పించినది నాలుగోది: నాచు, గుల్లలు అంటకుండా అడుగున రాగి కలిసిన రంగు నేరుగా పూయమనడం. ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకితే బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. ఇలా పూసిన ఒక పడవ అడుగును నేను దగ్గరుండి చూశాను. రంగు బొబ్బలా పొంగిన చోట గోటితో గీకితే తెల్లని ముద్ద ఊడివచ్చింది, దాని కింద బియ్యపు గింజ ఇమిడేంత గుంట కనిపించింది. రెండు మూడు మిల్లీమీటర్ల రేకుకు అలాంటి గుంటలు ఎన్ని పడితే చిల్లు పడుతుందో ఈ సందేశం పంపేవారు ఒక్కసారి ఆలోచించాలి. కింద ఎపాక్సీ ప్రైమర్ ఉంది కదా అని ధైర్యపడినా, రాగి లోహాన్ని తాకడానికి ఇసుక మీద ఒడ్డుకు లాగినప్పుడు పడే ఒక్క గీత చాలు. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న, క్యుప్రస్ ఆక్సైడ్ (ఇలాంటి రంగుల్లో కలిపే రాగి సమ్మేళనం) లేని రంగే కొనండి. చేపల వేట ముగియగానే పడవను ట్రైలర్ ఎక్కించేవారికి నాచు అంటనివ్వని ఆ రంగూ అక్కరలేదు.

వెనిగర్‌తో తెల్లమరకలు పోతాయన్న చివరి మాట మాత్రం నిజమే, తర్వాత మంచినీటితో బాగా కడగాలి. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: మంచినీటి సరస్సుల్లోనే తిప్పే అల్యూమినియం పడవకు అసలు రంగే వేయకపోయినా ఏళ్లతరబడి ఏమీ కాదు.