డిగ్రీలో మానవ వికాసం పేపరు ఎందుకు? ఒక వాదోపవాదం

ఒక డిగ్రీ కాలేజీలో, పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి ఎదుగుదల గురించి చెప్పే పేపరొకటి అన్ని గ్రూపులకూ పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. బీకాం, బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లలు కూడా చదవాల్సిందే. పెట్టాలనేది సైకాలజీ మేడమ్. వద్దనేది లెక్కల మాస్టారు. ఆయన చాలాకాలం టెట్ కోచింగులో శిశు వికాసం కూడా చెప్పారు కాబట్టి, తెలియక వద్దంటున్నారని కొట్టిపారేయడానికి లేదు. మధ్యలో వచ్చిన టీలు, ఫోన్లు, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడటాలు తీసేసి మిగతాది ఇస్తున్నాను.

మాస్టారు: ఈ సబ్జెక్టు మన దగ్గర ఎలా బతుకుతోందో ముందు చూద్దాం మేడమ్. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసానికి, పెడగాజీకి (బోధనా పద్ధతులకు). ముగ్గురు మనస్తత్వవేత్తలు: పిల్లల ఆలోచన మీద పియాజె దశలు నాలుగు, జీవితమంతటి మీద ఎరిక్‌సన్ దశలు ఎనిమిది, నైతిక వికాసం మీద కోల్‌బర్గ్ స్థాయిలు మూడు. ప్రతిదానికీ గుర్తుపెట్టుకోవడానికి ఒక కోడ్. పూర్వ ప్రచాలక దశ అనగానే ‘రెండు నుంచి ఏడేళ్లు’ అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఇంట్లో తిరిగే నాలుగేళ్ల మేనకోడలు ఏం చేస్తోందో మాత్రం చూడరు. ఇప్పుడు డిగ్రీలో ఇంకో బిట్ల పేపరా?

మేడమ్: మీరు తిడుతున్నది పరీక్షను మాస్టారూ, సబ్జెక్టును కాదు. ఆ మేనకోడలి ముందే రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయండి. ఒకదాంట్లోవి సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, ఎందులో ఎక్కువున్నాయని అడగండి. పొడుగు గ్లాసే చూపిస్తుంది. తన కళ్ల ముందే పోశారు, చుక్క కూడా కలపలేదు, అయినా అదే చూపిస్తుంది. ఎనిమిదేళ్ల అన్నను అడిగితే ‘అవే నీళ్లు కదా’ అంటాడు. ఇది ఒక్కసారి చూసినవాడికి కోడ్ అక్కర్లేదు. పియాజె పసిపిల్లల గురించి రాసింది చాలావరకు సొంత పిల్లలు ముగ్గుర్నీ గమనించి రాసిందే. ఇంకో సంగతి. టీచరుకు కావాల్సింది అంతే కాబట్టి టెట్ బడిపిల్లల దగ్గర ఆగిపోతుంది. దాంతో వికాసమంటే పిల్లలదేననీ, ఇరవై దాటాక మనిషి తయారైపోయాడనీ మనవాళ్లకు నమ్మకం పడిపోయింది.

మాస్టారు: సరే, పిల్లల సంగతే చూడండి. అది ఇంట్లో తెలిసేదే కదా? నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. ఏ నెలకు ఏం చేయాలో మన బామ్మలు వంటింట్లోనే లెక్క పెట్టుకున్నారు. దానికి పియాజె ఉన్న జెనీవా నుంచి సిద్ధాంతం తెప్పించాలా?

మేడమ్: ఆ వరస నేనూ మొదటి క్లాసులోనే చెప్తాను, నాకు చాలా ఇష్టం. కానీ అందులో ఉన్నది పండగే. అడుగులేస్తే అరిసెలు చేయమంటుంది. వేయకపోతే? ఎప్పటిదాకా ఆగాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి? అక్కడ బామ్మ దగ్గర జవాబు లేదు. ‘వాళ్ల మామయ్యా లేటుగానే నడిచాడు’, ‘మగపిల్లలకు మాటలు లేటే’ అని సర్దిచెప్పడమే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక లెక్క ఇచ్చింది. అందులో మన దేశపు పిల్లలూ ఉన్నారు. పట్టుకోకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అంటే పక్కింటి పాప పదో నెలలో నడిచిందని, మన బాబు పదమూడో నెలలో ఇంకా గోడ పట్టుకునే ఉన్నాడని తల్లి టెన్షన్ పడక్కర్లేదు. అత్తగారు దెప్పాల్సిన పనీ లేదు. పద్దెనిమిదో నెల వచ్చినా నడవకపోతే మాత్రం ఊరుకోకూడదు. అదే లెక్కలో నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద అసలు పాకనే లేదు. పాకకుండానే లేచి నడిచారు. మాటలు రాకపోతే ముందు చెవులు పరీక్ష చేయించాలని కూడా చాలామందికి తెలియదు. నాలుకకు ఏదో అయిందనుకుంటారు, మొక్కులు మొక్కుతారు. ఈలోగా మాట నేర్చుకోవడానికి అన్నిటికంటే అనువైన ఏళ్లు గడిచిపోతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదలలో ఆలస్యాన్ని పట్టుకోవడానికి జిల్లాల్లో కేంద్రాలు పెట్టారు. అక్కడికి తీసుకెళ్లాలని తట్టడానికి కూడా ఇంట్లో ఒకరికి ఈ చదువు ఉండాలి.

(ఇక్కడ మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నారని కాదు, ఆయన అస్త్రం వేరే ఉంది.)

మాస్టారు: అది తల్లిదండ్రులకు కావాల్సింది. ఒక కరపత్రం ఇవ్వండి, అంగన్‌వాడీలో చార్టు పెట్టండి. మూడు క్రెడిట్ల పేపరెందుకు? పైగా మీ సిద్ధాంతాలు ఎవరి మీద కట్టినవి? కోల్‌బర్గ్ నైతిక వికాసమంటూ మొదట ప్రశ్నలు వేసింది మగపిల్లలకే. ఆర్నెట్ అనే ఆయన 2000లో, పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు దాకా మనిషి తనను తాను వెతుక్కునే ప్రత్యేక దశ అన్నాడు. మన ఊళ్లో పందొమ్మిదేళ్లకు చంకలో బిడ్డ ఉన్న ఆడపిల్లకు ఆ దశ ఎక్కడిది? ఈఏపీసెట్ ర్యాంకు, నాన్న మాట, కులం కలిసి ఎవరేం చదవాలో, ఎవరిని చేసుకోవాలో తేల్చేస్తుంటే టీనేజిలో నేనెవరని తేల్చుకోవడమే పని అంటూ ఎరిక్‌సన్ చెప్పిన ‘పాత్ర గుర్తింపు, పాత్ర సందిగ్ధం’ అని పాఠం చెప్తారా?

మేడమ్: చెప్తాను. ఇప్పుడు మీరన్నదే పాఠంగా చెప్తాను. కోల్‌బర్గ్ మీద ఆ తప్పు పట్టింది కరోల్ గిలిగన్ అనే మనస్తత్వవేత్తే, 1982లో. అది సబ్జెక్టు బయటి మాట కాదు, సిలబస్‌లో ఉన్నదే. ఆర్నెట్ దశ అందరికీ ఉండదని మన అమ్మాయి తన తల్లి జీవితాన్ని పక్కన పెట్టుకుని వాదిస్తే పది మార్కులకు పది వేస్తాను. ఎరిక్‌సన్ సంగతీ అంతే. ఆయన హార్వర్డ్ గదిలోనే కూర్చోలేదు. అమెరికాలో ఆదివాసుల మధ్య తిరిగాడు. 1918 నాటి అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మె చుట్టూ గాంధీజీ మీద పెద్ద పుస్తకమే రాశాడు. అప్పుడు గాంధీజీకి 48 ఏళ్లు. నడివయసులో మనిషి తన తర్వాతి వాళ్ల కోసం ఏం చేస్తాడన్న ప్రశ్నకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ మనదే. ఇంకో విశేషం, ఎరిక్‌సన్‌కు డిగ్రీ లేదు.

మాస్టారు: (నవ్వి) డిగ్రీ లేని ఆయన సిద్ధాంతం డిగ్రీలో కంపల్సరీనా! అదలా ఉంచండి. నా అసలు కోపం చెప్తాను. మా పెద్దమ్మాయి బీఈడీ చదివే రోజుల్లో ఎరిక్‌సన్ ముసలితనానికి చెప్పిన ఆ ఎనిమిదో దశ బట్టీపట్టింది. సమగ్రత, నిరాశ. ఒకరోజు మా అమ్మ ఏదో పాత సంగతి తలుచుకుని కళ్లు తుడుచుకుంటే, ‘బామ్మా, నీది నిరాశ దశ’ అంది. అంటే మా అమ్మను ఒక గడిలో పడేసింది! తమ్ముడు పోయిన దుఃఖం అది. టేబుల్ చదివిన పిల్లకు బామ్మ కనపడలేదు, గడి కనపడింది. రేపు మీ క్లాసులో అరవై మంది ఇంటికెళ్లి వాళ్ల నాన్నలకు నడివయసు గడిలోని ‘స్తబ్ధత’ అని పేరు పెడతారు.

మేడమ్: మీ కోపం న్యాయమే. అది దశల పట్టికతో వచ్చే జబ్బు. అందుకే ఈ పేపరు పట్టిక దగ్గర ఆగకూడదంటున్నాను. పాల్ బాల్టెస్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పిందేమిటంటే ఏ వయసులోనైనా వచ్చేవీ ఉంటాయి, పోయేవీ ఉంటాయి. పియానో విద్వాంసుడు రూబిన్‌స్టైన్ ఎనభైలో కూడా అంత బాగా ఎలా వాయిస్తున్నాడో బాల్టెస్ ఉదాహరణగా చెప్పేవాడు. తక్కువ కృతులు ఎంచుకున్నాడు. వాటినే ఎక్కువ సాధన చేశాడు. వేగంగా వాయించాల్సిన చోటుకు ముందు కావాలనే కాస్త నెమ్మదించేవాడు, దాంతో తర్వాతిది వేగంగా వినిపించేది. మీరు ఈమధ్య క్లాసులన్నీ పొద్దుటి పూటే పెట్టించుకుని, బోర్డు మీద రాత తగ్గించి, లెక్కలు పిల్లల చేత చేయిస్తున్నారు చూడండి, అదీ ఇదే.

మాస్టారు: అది మోకాళ్ల నొప్పి మేడమ్.

మేడమ్: నొప్పితోనే పాఠం బాగుపడింది, పిల్లలే చెప్తున్నారు. ఇంకా ముఖ్యమైంది వినండి. వార్నర్ షాయీ 1956లో అమెరికాలోని సియాటిల్‌లో కొంతమంది పెద్దవాళ్లకు తెలివితేటల పరీక్షలు పెట్టి, ఏడేళ్లకోసారి వాళ్లనే మళ్లీ పరీక్షించాడు. ఒకే రోజున పాతికేళ్ల వాణ్ణీ డెబ్బై ఏళ్ల వాణ్ణీ పక్కపక్కన పెడితే ముసలాయన తెలివి బాగా తగ్గిపోయినట్టు కనపడింది. అదే మనుషుల వెంట ఏళ్లతరబడి వెళ్లి చూస్తే అంత తగ్గుదల లేదు. తేడాలో చాలా భాగం వయసుది కాదు, వాళ్లు పుట్టిన కాలానిది, దొరికిన చదువుది. ఇప్పుడు మన ఇళ్లు చూడండి. మూడో తరగతితో బడి మానిపించిన బామ్మ, బీటెక్ మనవరాలు. ఫోన్‌పే చేయడం రాకపోతే ‘ముసలితనం, చాదస్తం’ అంటారు. ఈ తేడా తెలిసిన పిల్ల అలా అనగలదా? మన దేశంలోనూ 2017-18లో 45 ఏళ్లు దాటిన దాదాపు 72 వేల మందితో ఇలాంటి సర్వే మొదలైంది. ముసలివాళ్ల సంఖ్య పెరుగుతున్న దేశంలో, రేపు వాళ్లను చూసుకోవాల్సిన పిల్లలకు ముసలితనం గురించి ఒక్క పాఠం కూడా లేదు.

మాస్టారు: మీరు చెప్తే బాగానే ఉంటుంది. చెప్పేది మీరు కాదుగా! గెస్ట్ ఫ్యాకల్టీ వస్తారు, చేతిలో గైడు ఉంటుంది. పరీక్షలో ‘ఎరిక్‌సన్ ఎనిమిది దశలను వివరింపుము’ అని వస్తుంది. మా అమ్మాయి మళ్లీ అక్కడే పుడుతుంది.

మేడమ్: అందుకే సగం మార్కులు రికార్డుకు పెట్టాను. సెమిస్టరంతా ఇద్దర్ని గమనించాలి. ఒకరు అయిదేళ్ల లోపు, ఒకరు అరవై దాటినవారు. పేర్లు రాయకూడదు, దశల పేర్లూ రాయకూడదు. చూసింది, విన్నది మాత్రమే రాయాలి.

మాస్టారు: జిరాక్స్ షాపులో రెడీమేడ్ రికార్డులు దొరుకుతాయి.

మేడమ్: దొరుకుతాయి. వైవాలో ఒక్క ప్రశ్న చాలు: పోయిన నెలలో ఆ పాప చేయలేనిది ఈ నెలలో ఏం చేసింది? కాపీ కొట్టినవాడు అక్కడే తేలిపోతాడు. బామ్మ గురించి అడిగితే ఇంకా తొందరగా తేలిపోతాడు.

మాస్టారు: అలాగైతే రాత పరీక్ష మొత్తం తీసేయండి. రికార్డు, వైవా, అంతే. ఇప్పుడే సంతకం పెడతాను.

మేడమ్: రాత పరీక్ష లేకుండా యూనివర్సిటీ ఒప్పుకోదు మాస్టారూ.

మాస్టారు: మొదటి నుంచీ నేను చెప్తున్నది అదే కదా మేడమ్.