కొత్త రైడ్ పెడితే మూడూ పెరుగుతాయన్న మాటలో నిజమెంత

థీమ్ పార్కుల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఒక వాదన మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఎవరు రాసినా దాని సారం ఒక్కటే: పార్కులో పెద్ద కొత్త రైడ్ ఒకటి పెడితే వచ్చే జనం పెరుగుతారు, వచ్చినవారు మునుపటికన్నా తృప్తిగా ఇంటికి వెళ్తారు, తలసరి ఖర్చు కూడా పెరిగి పార్కుకు లాభం వస్తుంది, రైడ్ ఎంత పెద్దదైతే ఫలితం అంత పెద్దది, పాతవాటి కోసం ఎవరూ రారు కనుక వాటిని తీసేసి కొత్తవి కట్టాలి. దీనికి రుజువుగా అమెరికాలోని ఓర్లాండోలో ఉన్న హ్యారీ పాటర్ విభాగాన్ని చూపిస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల పార్కుల గురించి మాట్లాడేవారు కూడా ఇదే సూత్రాన్ని వల్లిస్తున్నారు. ఈ వాదనలోని అంశాలను విడివిడిగా పరిశీలిస్తే ఏ ఒక్కటీ ఉన్నదున్నట్టుగా నిలబడదు. జనం, తృప్తి, ఖర్చు అనేవి మూడు వేర్వేరు లెక్కలు. ఒకటి పెరిగితే మిగతా రెండూ దాని వెంట నడవాలన్న నియమం లేదు. ఒక్కోసారి ఒకటి పెరగడమే ఇంకొకటి తగ్గడానికి కారణమవుతుంది.

ముందుగా వారు చూపే రుజువునే తీసుకుందాం. యూనివర్సల్ సంస్థకు చెందిన ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో హ్యారీ పాటర్ విభాగం 2010 జూన్ 18న మొదలైంది. థీమ్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ అసోసియేషన్ ఏటా వేసే అంచనాల ప్రకారం 2009లో ఆ పార్కుకు సుమారు 46 లక్షల మంది వచ్చారు, 2010లో సుమారు 59 లక్షలు, 2011లో సుమారు 76 లక్షలు. రెండేళ్లలో ఇంత పెరుగుదల మామూలు విషయం కాదు, దాన్ని కాదనడం నా ఉద్దేశం కూడా కాదు. కానీ ఆ విభాగం తెరిచిన రోజున అందులో ఉన్న రైడ్లు మూడు. వాటిలో పూర్తిగా కొత్తది కోటలోపల నడిచే రైడ్ ఒక్కటే. మిగతా రెండూ ఆ పార్కులో అప్పటికే ఏళ్ల తరబడి తిరుగుతున్న రోలర్ కోస్టర్లే. డ్యూయెలింగ్ డ్రాగన్స్ పేరును డ్రాగన్ చాలెంజ్ అని, ఫ్లయింగ్ యూనికార్న్ పేరును ఫ్లైట్ ఆఫ్ ది హిప్పోగ్రిఫ్ అని మార్చి, చుట్టూ ఉన్న అలంకరణ మార్చారు. పట్టాలు అవే, మలుపులు అవే. జనాన్ని రప్పించింది ఇనుప చట్రం కాదు; మంచు కప్పిన కప్పులతో నిలబడ్డ ఆ వీధి, ఆ వీధిలోని భోజనశాల, బండి మీద అమ్మే, ఆ కథలోని పానీయం బటర్‌బీర్, అంతకుముందే లక్షల ఇళ్లలో పిల్లలూ పెద్దలూ మనసులో కట్టుకున్న ఒక ఊరు. కనుక "కొత్త రైడ్ పెడితే చాలు" అన్న మాటకు ఈ ఉదాహరణ సాక్ష్యం చెప్పదు.

ఇక కొత్తది వస్తే జనం తప్పక పెరుగుతారన్న మొదటి అంశం. దీనికి 2019లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండే సమాధానం. స్టార్ వార్స్ పేరుతో 14 ఎకరాల్లో కట్టిన గెలాక్సీస్ ఎడ్జ్ ఆ ఏడాది మే 31న తెరుచుకుంది. ఇంతకన్నా పేరున్న కథ, ఇంతకన్నా ఖర్చు పెట్టగల సంస్థ దొరకడం కష్టం. అయినా ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉన్న త్రైమాసికంలో అమెరికాలోని తమ పార్కులకు వచ్చినవారి సంఖ్య 3 శాతం తగ్గిందని డిస్నీ స్వయంగా ప్రకటించింది. ఆ త్రైమాసికంలో కొత్త విభాగం నడిచింది ఒక్క నెలేనని ఎవరైనా అనవచ్చు, అది న్యాయమైన మాటే. అందుకే ఏడాది మొత్తం అంచనాను చూడాలి: పైన చెప్పిన అసోసియేషన్ లెక్కలో డిస్నీల్యాండ్ సందర్శకులు 2018లోనూ 2019లోనూ దాదాపు 186 లక్షలే. ఇలా ఎందుకైందో ఊహించడం కష్టం కాదు. విపరీతమైన రద్దీ ఉంటుందన్న భయంతో చాలామంది ప్రయాణం వాయిదా వేసుకున్నారు. రద్దీని అదుపు చేయడానికి పార్కు మొదటి మూడు వారాలూ ఆ విభాగంలోకి ముందుగా పేరు నమోదు చేసుకున్నవారినే అనుమతించింది. జనవరిలోనే ఒక రోజు టికెట్టు కనీస ధర వంద డాలర్లు దాటింది. పైగా తెరిచిన రోజున అందులో ఒక్క రైడే ఉంది. రెండోది, అందరూ నిజంగా ఎదురుచూసినది, కాలిఫోర్నియాలో 2020 జనవరిలో గానీ మొదలు కాలేదు. రాబోయేదాని కోసం ఆగడం కూడా కొత్త ఆకర్షణ కలిగించే ఫలితమే. ఈ సంగతిని ఆ వాదన లెక్కలోకే తీసుకోదు.

జనం నిజంగానే పెరిగిన సందర్భాల్లోనూ ఆ ఘనతంతా రైడ్‌దేనా అని అడగాలి. పారిస్ శివార్లలో 1992 ఏప్రిల్‌లో మొదలైన యూరో డిస్నీ మొదటి ఏళ్లలో తీవ్రమైన నష్టాల్లో కూరుకుపోయింది. 1995 జూన్‌లో స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ తెరిచారు, ఆ ఆర్థిక సంవత్సరంలో సందర్శకులు 88 లక్షల నుంచి 107 లక్షలకు చేరారు, సంస్థ మొదటిసారి లాభం చూసింది. రైడ్ వచ్చింది, పార్కు బతికింది అని ఈ కథను క్లుప్తంగా చెబుతారు. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో పెద్దల టికెట్టును 250 ఫ్రాంకుల నుంచి 195 ఫ్రాంకులకు తగ్గించారు. అంతకుముందు ఏడాది బ్యాంకులు వడ్డీ వదులుకున్నాయి, మాతృసంస్థ తనకు రావలసిన రాయల్టీని కొన్నేళ్లపాటు మాఫీ చేసింది, కొత్త పెట్టుబడి వచ్చింది. ఆ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరుతో ముగిసింది కనుక స్పేస్ మౌంటెన్ నడిచింది నాలుగు నెలలు, తగ్గించిన ధర అమల్లో ఉన్నది ఆరు నెలలు. టికెట్టు ఐదో వంతుకు పైగా తగ్గితే ఎంతమంది వచ్చారో, రైడ్ కోసం ఎంతమంది వచ్చారో విడదీయకుండా మొత్తం పెరుగుదలను రైడ్ ఖాతాలో వేయడం లెక్క అనిపించుకోదు. లాభం సంగతికొస్తే, వడ్డీ భారం తగ్గడానికీ రోలర్ కోస్టర్‌కూ సంబంధమే లేదు.

ఎంత పెద్దదైతే అంత లాభమన్న అంశానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. సిక్స్ ఫ్లాగ్స్ సంస్థ 2005 మేలో న్యూజెర్సీలో కింగ్డా కా అనే కోస్టర్‌ను తెరిచింది. ఎత్తు 456 అడుగులు, వేగం గంటకు సుమారు 206 కిలోమీటర్లు; అప్పటికి ప్రపంచంలో అంత ఎత్తైనదీ అంత వేగమైనదీ లేదు. తెరిచిన కొద్ది వారాలకే యంత్రం దెబ్బతిని ఆగస్టు మొదటి వారం దాకా మూతపడింది, అంటే సెలవుల కాలమంతా దాదాపు పోయినట్టే. ఏటేటా కొత్త కోస్టర్లతో పోటీపడిన ఆ సంస్థ 240 కోట్ల డాలర్ల అప్పుతో 2009 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. దివాలాకు ఈ ఒక్క కోస్టరే కారణమని నేననడం లేదు. ప్రపంచ రికార్డు కూడా దాన్ని ఆపలేకపోయిందనే అంటున్నాను.

పరిమాణం కన్నా ముఖ్యమైనది పార్కులో ఉన్న లోటు ఏమిటన్నది. డిస్నీల్యాండ్ ఎదురుగానే 2001 ఫిబ్రవరిలో తెరిచిన కాలిఫోర్నియా అడ్వెంచర్‌కు మొదటి ఏడాది పక్కపార్కుకు వచ్చినవారిలో సగం మంది కూడా రాలేదు, టికెట్టు ధర మాత్రం రెంటికీ ఒక్కటే. 2004లో టవర్ ఆఫ్ టెర్రర్ అనే పెద్ద రైడ్ తెచ్చిపెట్టారు. రైడ్ మంచిదే, కానీ పార్కు తలరాత మారలేదు, ఎందుకంటే అక్కడి కొరత ఇంకొక భయం పుట్టించే రైడ్ కాదు. చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబం రోజంతా గడపడానికి తగినంత లేదు, లోపలికి అడుగుపెట్టగానే వేరే లోకంలోకి వచ్చామన్న భావన లేదు. 2007లో ప్రకటించిన పునర్నిర్మాణానికి సుమారు 110 కోట్ల డాలర్లు కేటాయించి, ముఖద్వారం వీధిని తీసేసి కొత్తగా కట్టి, రాత్రిపూట నీటి ప్రదర్శన పెట్టి, 2012 జూన్‌లో కార్స్ ల్యాండ్ అనే కొత్త విభాగం తెరిచాక 63 లక్షల సందర్శకులు ఏడాదిలో 77 లక్షలు దాటారు, ఆ మరుసటి ఏడాది 85 లక్షలయ్యారు. అదే పార్కు, అదే ఊరు. 2004లో ఒక రైడ్ చేయలేనిది 2012లో జరిగిందంటే లోటు ఏదో గుర్తించి దాన్ని పూడ్చినందువల్లనే.

తృప్తి విషయంలో ఈ వాదన చేసే పొరపాటు నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇక్కడ నష్టపోయేది ఏడాదికొకసారి పిల్లల్ని తీసుకెళ్లే కుటుంబం. చిన్న లెక్క చూడండి. ఒక పార్కుకు రోజుకు 20,000 మంది వస్తారనుకుందాం. కొత్త రైడ్ గంటకు 1,000 మందిని మోస్తుంది, పార్కు 10 గంటలు తెరిచి ఉంటుంది. రోజంతా ఒక్క నిమిషం ఆగకుండా నడిచినా ఎక్కగలిగేది 10,000 మంది. ప్రకటనలో ఆ రైడ్ బొమ్మ చూసి వచ్చినవారిలో సగం మంది దాన్ని ఎక్కకుండానే తిరిగి వెళ్తారు, ఎక్కిన సగం మందీ గంటల కొద్దీ నిలబడి ఎక్కుతారు. జనం ఇంకా పెరిగితే ఎక్కేవారి సంఖ్య పెరగదు, నిరాశపడేవారి సంఖ్యే పెరుగుతుంది. ఓర్లాండోలో 2019 జూన్ 13న హ్యారీ పాటర్ కథలోని హ్యాగ్రిడ్ పేరిట మోటార్‌బైక్ కోస్టర్ మొదలైన రోజున నిరీక్షణ సమయం 10 గంటలకు చేరింది. ఆ రైడ్‌ను ఎక్కినవారు ఎంతో మెచ్చుకున్నారు. కానీ అదే రోజున వరుసలో సగం రోజు పోగొట్టుకున్నవారి తృప్తిని ఏ ఖాతాలో రాయాలి?

మనకు దగ్గరలో నేను కళ్లారా చూసినది కూడా చెప్పాలి. నిరుడు మే నెలలో మా అక్కయ్య పిల్లలిద్దరినీ, మా నాన్నగారినీ తీసుకుని నగర శివార్లలోని ఒక పార్కుకు వెళ్లాను. కొత్త రైడ్ దగ్గర క్యూ రేకుల పందిరి దాటి ఎండలోకి వచ్చేసింది. రెండు గంటలు నిలబడ్డాం. తీరా మెట్ల పైకి చేరాక గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర కనిపించింది. అక్కడున్న అబ్బాయి చిన్నపాపను దాని పక్కన నిలబెట్టి, "రెండు అంగుళాలు తక్కువుందండీ, పంపలేం" అన్నాడు. భద్రత కోసం అతను చేసింది సరైన పనే. అదే కర్రను క్యూ మొదట్లో పెట్టి ఉంటే పాప ఆ రెండు గంటలూ ఇంకెక్కడైనా ఆడుకునేది. పాప అన్నయ్యను ఒక్కడినే పంపి, ఏడుస్తున్న పాపను ఎత్తుకుని కిందకి దిగి వచ్చేసరికి, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు నీడలో బల్ల దొరక్క చెట్టు చుట్టూ కట్టిన సిమెంటు గట్టుమీద కూర్చుని ఉన్నారు. నలుగురం టికెట్టు కొన్నాం, కొత్త రైడ్ ఒక్కరికి అందింది. పార్కు లెక్కలో మాత్రం ఆ రోజు మేము నలుగురం కొత్త రైడ్ రప్పించిన సందర్శకులమే.

ఖర్చు గురించి చెప్పే మాట కూడా ఇంతే. గెలాక్సీస్ ఎడ్జ్ తెరిచిన ఆ త్రైమాసికంలోనే, జనం 3 శాతం తగ్గినప్పటికీ డిస్నీ అమెరికా పార్కుల్లో తలసరి ఖర్చు 10 శాతం పెరిగింది. జనం, ఖర్చు జంటగా నడవవని దీనికన్నా స్పష్టంగా చెప్పే అంకె లేదు. ఆ పెరుగుదలలో టికెట్టు ధర పెంపు కూడా కలిసే ఉంది, అంటే అందులో కొంత భాగం సందర్శకుడు ఇష్టపడి పెట్టిన ఖర్చు కాదు. క్యూలో నిలబడ్డ మనిషి ఏమీ కొనలేడన్నది ఈ వ్యాపారంలో ఉన్నవారికి బాగా తెలిసిన సంగతి. 1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ పేరుతో, నిర్ణీత సమయానికి వచ్చి నేరుగా రైడ్ ఎక్కే వీలును ఉచితంగా ఇచ్చినప్పుడు, మిగిలిన సమయంలో జనం దుకాణాల్లోకీ భోజనశాలల్లోకీ వెళ్తారన్న ఆలోచన కూడా దాని వెనుక ఉంది. 2021 నుంచి ఆ వీలును డబ్బు తీసుకుని ఇస్తున్నారు. క్యూ పొడవయ్యే కొద్దీ దాన్ని తప్పించుకునే టికెట్టుకు గిరాకీ పెరుగుతుంది. ఇలా వచ్చే ఆదాయం సందర్శకుడి అసహనం నుంచి పుట్టింది. అది పెరిగితే తృప్తి పెరిగినట్టని చదవడం తప్పు.

ఇష్టంగా పెట్టే ఖర్చు ఎలా ఉంటుందో చూడాలంటే హ్యారీ పాటర్ వీధిలోని మంత్రదండాల దుకాణానికి వెళ్లాలి. పాతిక మందికి మించి పట్టని చీకటి గదిలోకి పిలిచి, ఒక పిల్లనో పిల్లవాడినో ముందుకు రమ్మంటారు. మొదటి దండం ఊపితే పూలు వాడిపోతాయో, అరలోని పెట్టెలు కదిలిపోతాయో జరుగుతుంది. సరైనది చేతికి వచ్చినప్పుడు పైనుంచి వెలుగు పడుతుంది. అవతలి తలుపు నేరుగా దుకాణంలోకి తెరుచుకుంటుంది. 2014లో పక్కపార్కులో డయాగన్ ఆలీ అనే మరో హ్యారీ పాటర్ వీధి వచ్చాక, ఆ దండాన్ని వీధిలోని కిటికీల ముందు ఊపితే లోపలి బొమ్మలు కదిలే ఏర్పాటు కూడా చేశారు. కొన్న వస్తువు ఆటలో భాగమైంది కనుక తల్లిదండ్రులు జేబు తడుముకుంటూనైనా కొంటున్నారు. ఇందులో ఇనుప పట్టాలూ లేవు, రికార్డు వేగమూ లేదు.

చివరగా, పాతవాటికి ఎవరూ రారన్న మాట. కోపెన్‌హాగన్‌లోని టివోలి 1843 నుంచి నడుస్తోంది. అక్కడ 1914 నాటి చెక్క కోస్టర్ ఇప్పటికీ జనాన్ని మోస్తూనే ఉంది, బండి మధ్యలో బ్రేకు వేసే మనిషి కూర్చుని ప్రతి దిగుడులోనూ చేత్తోనే వేగాన్ని అదుపు చేస్తాడు. డిస్నీల్యాండ్‌లో 1967 నాటి సముద్రపు దొంగల పడవలు నేటికీ గంటకు రెండు వేల మందికి పైగా మోయగలవు. కొత్త రైడ్ దగ్గర నిలబడలేనివారిని అలాంటి పాతవే ఆదుకుంటాయి. వాటిని తీసేస్తే ఏమవుతుందో అదే పార్కు చూపించింది. టుమారోలాండ్ అనే విభాగంలో నెమ్మదిగా, ఎప్పుడూ ఆగకుండా తిరుగుతూ, ఎత్తు నిబంధనల భయం లేకుండా తాతలనూ మనవలనూ కలిపి మోసే పీపుల్‌మూవర్‌ను 1995లో ఆపేశారు. దాని మార్గం మీదనే 1998లో రాకెట్ రాడ్స్ అనే వేగమైన రైడ్ తెచ్చారు. ఆ మార్గం నెమ్మదిగా వెళ్లే బండ్ల కోసం కట్టింది కనుక మలుపుల దగ్గర వాలు లేదు. ప్రతి మలుపు ముందూ బండి వేగం తగ్గించి మళ్లీ పెంచవలసి వచ్చింది, టైర్లు అరిగిపోయాయి, రైడ్ తరచూ ఆగిపోయింది. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే 2000లో దాన్ని మూసేశారు. ఆ కాంక్రీటు మార్గం మాత్రం ఈనాటికీ అక్కడే ఉంది, కింద సందర్శకులు నడుస్తుంటారు, పైన ఏ బండీ తిరగదు.