ఓడ మునిగింది, చుట్టాలు తేలారు

నీళ్ళ మీద తేలినంత కాలం ఓడకు ఒక కెప్టెనూ, కొందరు అప్పులవాళ్ళూ తప్ప నా అనేవాళ్ళు ఉండరు. మునిగాక చూడాలి దాని బంధుబలగం! అడుగున వెండి ఉందని పొక్కిందా, ఖండాలు దాటి చుట్టాలు దిగుతారు. ఒకాయన జెండా చూపిస్తాడు, ఒకాయన మ్యాపు చూపిస్తాడు, ఇంకొకాయన లాయర్‌ను చూపిస్తాడు. ఇది వెటకారం అనుకునేరు. అంతర్జాతీయ న్యాయశాస్త్రం మీద నాకున్న గౌరవం కొద్దీ చెబుతున్న మాట.

శాన్ హోసే సంగతే తీసుకోండి. 1708 జూన్ 8న ఈ స్పెయిన్ యుద్ధనౌక పనామాలోని పోర్టొబెలో సంతలో పోగైన వెండీ బంగారం నింపుకుని కార్టహేనా రేవుకు వస్తోంది. నేటి కొలంబియా తీరం అది. దారిలో చార్లెస్ వేజర్ అనే ఇంగ్లిషు నౌకాదళ అధికారి కాపు కాశాడు. ఆయన ఉద్దేశం ఓడను ముంచడం కాదు, పట్టుకోవడం. పాపం, కాల్పుల మధ్య అది కాస్తా మునిగిపోయింది. దాంతోపాటు దాదాపు 600 మంది పోయారు, ఇరవై మంది కూడా మిగల్లేదు. ఇంకో నిధి ఓడ తప్పించుకుంది. దాన్ని పోనిచ్చినందుకు వేజర్ కింద పనిచేసే ఇద్దరు కెప్టెన్ల ఉద్యోగాలు ఊడాయి. వేజర్‌కు మాత్రం మరుసటి ఏడాదే ‘సర్’ బిరుదు వచ్చింది. ఎక్కడైనా ఆఫీసు పద్ధతి ఇంతే కదా.

ఆ తర్వాత 270 ఏళ్ళు ఆ ఓడ గురించి ఎవరికీ టెన్షన్ లేదు. 1980ల మొదట్లో ఒక అమెరికన్ కంపెనీ వచ్చి ఓడ జాడ దొరికిందని చెప్పింది. ఆ హక్కు తర్వాత సీ సెర్చ్ ఆర్మడా అనే కంపెనీ చేతికి వచ్చింది. కనిపెట్టినవాళ్ళకు సగం ఇస్తారని కంపెనీ లెక్క. కొలంబియా పార్లమెంటు 1984లో కొత్త చట్టం తెచ్చింది. నిధి మొత్తం దేశానిదే, కనిపెట్టినవాళ్ళకు 5 శాతం. ఆ అయిదులో మళ్ళీ 45 శాతం పన్ను. అంటే వందకు మూడు కూడా చేతికి రావు. పెళ్ళికి పిలిచి, విస్తరి వేసి, వడ్డించకుండా వాళ్ళ చేతే చదివింపులు చదివించుకున్నారన్నమాట. కేసులు పడ్డాయి. నిధి అనదగ్గ సరుకు ఏదైనా ఉంటే చెరి సగమని 2007లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 2015లో ప్రభుత్వం తానే వెతికించి ఓడ దొరికిందని ప్రకటించింది. అయితే అది కంపెనీ చెప్పిన చోట లేదట. మరి ఎక్కడుందయ్యా అంటే, అది దేశ రహస్యం! మీరు చెప్పిన చోట లేదు, ఉన్న చోటు మేం చెప్పం. దీనికి ఎదురు వాదన కనిపెట్టగల లాయర్ ఇంకా పుట్టలేదు. కంపెనీ మాత్రం వెయ్యి కోట్ల డాలర్లు ఇప్పించమని హేగ్‌లో మధ్యవర్తిత్వానికి వెళ్ళింది.

కొలంబియా శాసనకర్తల మేధస్సు ఇక్కడితో ఆగలేదు. 2013లో నీటి అడుగు వారసత్వం మీద ఇంకో చట్టం చేశారు. ఏది సంస్కృతి, ఏది సరుకు అన్న ధర్మసందేహానికి అందులో జవాబుంది. నాణేలు, లోహపు కడ్డీలు, చెక్కని రాళ్ళు లాంటివి సంస్కృతి కిందికి రావు, వాటితో వెలికితీతదారుకు కూలి చెల్లించవచ్చు. విడ్డూరం ఏమిటంటే, ఓడలో ఖరీదైనవన్నీ సరిగ్గా ఆ జాబితాలోనే ఉన్నాయి. సంస్కృతికి మిగిలింది ఫిరంగులూ, కుండపెంకులూ. 2020లో ప్రభుత్వం మనసు మార్చుకుని, ఓడలో ఉన్నదంతా జాతి సంపదేనని ప్రకటించింది. నిన్నటిదాకా సరుకుగా పడి ఉన్న నాణేలు సముద్రం అడుగున కదలకుండానే సంస్కృతి అయిపోయాయి.

స్పెయిన్ వాదన ఇంత చిన్నది కాదు, అందులో గాంభీర్యం ఉంది. రాజ్యం ఓడ మునిగినా రాజ్యం ఓడే. పైగా అది సమాధి, చనిపోయినవాళ్ళు స్పెయిన్ సైనికులు. కాదనలేం. ఈ వాదన ఒకసారి నెగ్గింది కూడా. 1804 అక్టోబర్ 5న పోర్చుగల్ తీరం దగ్గర బ్రిటిష్ నౌకలు నాలుగు స్పెయిన్ ఓడలను అడ్డగించాయి. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధమే లేదు. మెర్సెదెస్ అనే ఓడ పేలిపోయింది, సుమారు 250 మంది పోయారు. దియెగో దె అల్వెయార్ అనే అధికారి పక్క ఓడలో నిలబడి, తన భార్యా పిల్లలున్న ఓడ పేలడం చూశాడు. ఈ ఒక్క ముక్క దగ్గర నాకు వెటకారం రావడం లేదు.

మిగతా మూడు ఓడల సొమ్ము దగ్గర మాత్రం వస్తుంది. పట్టుకున్న బ్రిటిష్ కెప్టెన్లు తమ వాటా కోసం ఆశగా ఎదురుచూశారు. యుద్ధంలో పట్టిన ఓడ సొమ్ములో నావికులకు వాటా రివాజు. కానీ యుద్ధం ప్రకటించలేదు గదా, కాబట్టి ఇది యుద్ధంలో వచ్చిన సొమ్ము కాదు, కాబట్టి మొత్తం రాజుగారిదే అని తేల్చారు. కెప్టెన్లకు ఏదో కొంత దయతో ఇచ్చారు. యుద్ధం లేకుండా కాల్చడం తప్పు కాలేదు గానీ, యుద్ధం లేకుండా వాటా అడగడం తప్పయింది.

2007లో ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనే అమెరికన్ కంపెనీ సుమారు 17 టన్నుల నాణేలు పైకి తీసి, జిబ్రాల్టర్ నుంచి విమానంలో ఫ్లోరిడాకు పట్టుకుపోయింది. దేనిలో పెట్టారనుకున్నారు? ప్లాస్టిక్ బకెట్లలో. చక్రవర్తుల బొమ్మలున్న వెండి, ఉప్పుకు గడ్డలు కట్టి, వరసగా బకెట్లలో కూర్చుంది. ఓడ పేరు చెప్పకుండా ‘బ్లాక్ స్వాన్’ అని ముద్దుపేరు పెట్టారు. అది మా మెర్సెదెస్సే అని స్పెయిన్ అమెరికా కోర్టుకెక్కింది. ఆ వెండి మా గడ్డ మీదిది, మా దగ్గరే అచ్చువేసింది అని పెరూ కూడా వచ్చింది. ఓడలో సరుకు ఎక్కించిన వర్తకుల వారసులమంటూ ఇంకొందరు వచ్చారు. ఓడ ఎవరిదో సరుకూ వాళ్ళ దగ్గరికే అంది కోర్టు. 2012 ఫిబ్రవరిలో రెండు మిలిటరీ విమానాలు వచ్చి దాదాపు ఆరు లక్షల నాణేలను స్పెయిన్‌కు తీసుకెళ్ళాయి. 1804లో బయల్దేరిన సరుకు ఆలస్యంగానైనా చేరింది. పెరూ వాళ్ళు టాటా చెప్పారు.

అసలు స్పెయిన్ రాజుగారికి కూడా ఈ సొమ్ము ఎప్పుడూ పూర్తిగా చేతికందలేదు. తవ్విన దాంట్లో అయిదో వంతు ఆయనది. ఆ అయిదో వంతు ఎగ్గొట్టడం అప్పటి పెద్దమనుషుల జీవితాశయం. 1622లో ఫ్లోరిడా దగ్గర తుపానులో మునిగిన అటోచా ఓడను మెల్ ఫిషర్ 16 ఏళ్ళు వెతికించి, 1985లో కనిపెట్టాడు. అందులో బోలెడు పచ్చలు దొరికాయి. ఓడ సరుకు జాబితాలో ఒక్క పచ్చా లేదు! పొడవాటి బంగారు గొలుసులు కూడా ఉన్నాయి. ఒంటి మీది నగకు సుంకం ఉండదని అలా చేయించుకునేవారంటారు. ఈ కిటుకు మన శంషాబాద్ కస్టమ్స్ వాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంతమంది చుట్టాల్లో చివర వచ్చినవాళ్ళు బొలీవియాకు చెందిన ఖారా ఖారా ప్రజలు. శాన్ హోసేలో ఉన్నది పొటోసీ కొండ వెండి, దాన్ని మా పూర్వీకుల చేత బలవంతాన తవ్వించారు అంటారు వాళ్ళు. పొటోసీలో వెండి బయటపడింది 1545లో. తర్వాత వంతుల వారీ వెట్టి పెట్టి, ఊళ్ళలోని మగవాళ్ళలో ఏడుగురికి ఒకరిని గనులకు తోలారు. వెండిని వేరుచేసే పాదరసం పొగ, కొండలోపలి దుమ్ము, మెట్ల నిచ్చెనల మీద వీపున మోత. ఈ వాదన వినగానే పెద్దలు కొంచెం ఇబ్బందిగా కదులుతారు. చరిత్రను మరీ వెనక్కి తోడకూడదు కదా! స్పెయిన్ చరిత్ర రేవులో సరుకెక్కించిన రోజున మొదలవుతుంది, కొలంబియాది ఓడ మునిగిన చోట, కంపెనీది నీటి అడుగును శబ్దంతో వెతికే సోనార్ తెరపై చుక్క కనిపించిన క్షణాన. వెండి కొండలో ఉన్నప్పటి నుంచి లెక్క మొదలెడతామంటే ఎలా? రసీదు ఉందా? వెట్టికి రసీదు ఇవ్వరని తెలిసి కూడా అడగడమే విధివిధానం.

ఇంతకీ శాన్ హోసే సుమారు 600 మీటర్ల లోతున ఇంకా అలాగే ఉంది. 2025 నవంబర్‌లో కొలంబియా తొలివిడతగా ఒక ఫిరంగి, కొన్ని నాణేలు, ఒక పింగాణీ కప్పు పైకి తీసింది. ఆ ఓడ అడుగున చెల్లాచెదురుగా కనిపిస్తున్న పింగాణీ చైనాది. చైనా వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు.