సీఫుడ్ సలాడ్‌లో అసలు పని పొయ్యి దగ్గరే

ఏషియన్ సీఫుడ్ సలాడ్ చేద్దామనుకోగానే చాలామంది ముందు డ్రెస్సింగ్ సీసా కొంటారు. నాకైతే అది తలకిందుల వ్యవహారం. డ్రెస్సింగ్ కాస్త అటూ ఇటూ అయినా ఇంకో నిమ్మచెక్క పిండి సర్దుకోవచ్చు, కానీ స్క్విడ్ ఒకసారి రబ్బరులా తయారైందంటే దాన్ని ఏ సాసూ కాపాడలేదు.

థాయ్‌లాండ్ వాళ్ల సీఫుడ్ సలాడ్ యమ్ తలేనే తీసుకోండి. నిమ్మరసం, ఫిష్ సాస్, తాటిబెల్లం, దంచిన మిరపకాయలు, డ్రెస్సింగంతా ఇంతే. మూడు చెంచాల నిమ్మరసానికి రెండు ఫిష్ సాస్, ఒకటి బెల్లం తురుము, నేను ఇక్కడ మొదలుపెట్టి రుచి చూస్తూ మారుస్తాను. ఫిష్ సాస్ అంటేనే చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసిన రసం, కాబట్టి వేరే ఉప్పు అక్కర్లేదు. మూత తీయగానే వచ్చే ఆ వాసన చూసి భయపడకండి, నిమ్మరసం తగిలాక చాలావరకు అణిగిపోతుంది.

ఇక ఉడకబెట్టడం. అన్నీ కలిపి ఒకేసారి గిన్నెలో కుమ్మరించడం నాకు అస్సలు నచ్చని పద్ధతి, ఎందుకంటే దేని టైమ్ దానిదే. నీళ్లు బాగా మరుగుతున్నప్పుడు స్క్విడ్ రింగులు వేస్తే అవి తెల్లబడి ముడుచుకోవడానికి నిమిషం కూడా పట్టదు, వెంటనే తీసేయాలి. ఆ అదను దాటిందా, మళ్లీ మెత్తబడాలంటే అరగంట పైనే ఉడకాలి, మధ్యలో ఎక్కడ దించినా నమలలేం. రొయ్యలకి సైజును బట్టి రెండు మూడు నిమిషాలు: సగం వంగి, లోపల పచ్చిగా, గాజులా కనిపించడం పోతే చాలు, గుండ్రంగా ఉండచుట్టుకున్నాయంటే ఎక్కువ ఉడికినట్టే. ఆల్చిప్పల్లో పగిలినవీ, తట్టినా మూసుకోనివీ వండకముందే పారేయండి.

నిమ్మరసంలో నానబెడితే ఉడికినట్టే కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కాదు. ముక్క తెల్లబడి గట్టిపడుతుంది గానీ అందులో ఉన్న క్రిములన్నీ చావవు.

ఉడికినవాటిని ఐస్ నీళ్లలో ముంచమని చాలాచోట్ల రాస్తారు. చల్లగా వడ్డించేటప్పుడు అది సరే. నా ఓటు మాత్రం గోరువెచ్చగా కలపడానికే, అలా అయితే పులుపూ కారమూ ముక్కకి బాగా పడతాయి. ఏ పద్ధతైనా నీళ్లు పూర్తిగా వడకట్టి, పేపర్ టవల్‌తో అద్దండి, లేదంటే డ్రెస్సింగ్ కాస్తా గిన్నె అడుగున నీళ్ల చారులా మిగులుతుంది. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, పుదీనా, కొత్తిమీర ఆఖర్న వేయాలి, ముందే వేస్తే ఉప్పుకి వాడిపోతాయి.

పాట్‌లక్‌కి, అంటే తలా ఓ వంటకం తెచ్చుకుని కలిసి తినే విందుకి, ఈ సలాడ్ తెచ్చేవాళ్లు డ్రెస్సింగ్‌ని వేరే డబ్బాలో, సీఫుడ్‌ని ఐస్ మీద తెచ్చి అక్కడే కలపండి. బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. అన్నట్టు, రొయ్యలు కళ్లకు కనిపిస్తాయి గానీ ఫిష్ సాస్ కనిపించదు, చేప పడనివాళ్ల కోసం గిన్నె పక్కన ఓ చీటీ రాసి పెట్టండి.