సిగ్నల్ దగ్గర బండి ఆగితే తప్పంతా కార్బరేటర్‌దేనా?

పాత కార్లున్న వాళ్ల మధ్య ఒక మెసేజ్ ఎప్పటి నుంచో తిరుగుతోంది. ఇప్పటికి నాలుగైదుసార్లు నాకే వచ్చి ఉంటుంది, పోయిన వారం మా బావమరిది కూడా పంపాడు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: పద్మిని, అంబాసిడర్, పాత మారుతీ 800 లాంటి బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంటే కార్బరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) పోయినట్టే, కొత్తది వేయించండి. అందాకా స్లో స్క్రూ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని పెట్టేది) పెంచుకోండి, లేదా చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి గాలి తగ్గించేది) సగం లాగి నడపండి. ఇదంతా ఇథనాల్ పెట్రోల్ తెచ్చిన తంటా. ఎండాకాలంలో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా ఆపేది) తీసి పారేసి ఏసీ పంపు (ట్యాంకులోంచి పెట్రోల్ లాగే పంపు, ఎయిర్ కండిషనర్ కాదు) మీద తడిగుడ్డ వేయండి. ఇందులో ఒకటి నిజం, ఒకటి సగం నిజం, మిగతావి జేబుకు చిల్లు.

"కార్బరేటర్ పోయినట్టే" అన్న దగ్గర నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మాట నమ్మి డబ్బు తగలేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నాన్నగారి ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ ఇంజన్, విజయవాడలో బెంజి సర్కిల్ దాటేలోపు రెండుసార్లు ఆగేది. క్లచ్ నొక్కి బ్రేక్ వేస్తే చాలు, రెండు సెకన్లు వణికి చచ్చిపోయేది, వెనక ఉన్న ఆటోవాళ్లు మాత్రం హారన్ ఆపేవాళ్లు కాదు. ఒక షాపులో చూపిస్తే బానెట్ ఎత్తీ ఎత్తగానే కార్బరేటర్ మార్చాలన్నారు, మార్చారు, డబ్బులు తీసుకున్నారు. మూడోరోజు అదే సిగ్నల్ దగ్గర అదే వణుకు.

తర్వాత ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పానా కూడా పట్టుకోలేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ కొనకు ఇంజన్ ఆయిల్ అంటించి, కార్బరేటర్ మానిఫోల్డ్ (గాలీ పెట్రోలూ సిలిండర్లకు వెళ్లే గొట్టం) మీద కూర్చునే చోట చుట్టూ ఒక్కో చుక్కా వదిలాడు. మూడువైపులా ఏమీ కాలేదు. నాలుగోవైపు చుక్క పడగానే లోపలికి లాగేసింది, ఇంజన్ శబ్దం ఒక్కసారిగా కుదురుకుంది, కాసేపటికి సైలెన్సర్‌లోంచి సన్నగా నీలం పొగ. "గాలి తాగుతోంది బాబూ, కార్బరేటర్ ఏం చేస్తుంది పాపం" అన్నాడు. విప్పి చూస్తే కార్బరేటర్ కింద ఉండే ఫైబర్ ప్యాకింగ్ పగిలి ఉంది. కొత్త కార్బరేటర్‌ని తీసుకెళ్లి ఆ పగిలిన ప్యాకింగ్ మీదే బిగించారన్నమాట! పైగా నట్లు మరీ బలంగా బిగించడంతో కార్బరేటర్ అడుగుభాగం కూడా కాస్త వంగింది. స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకు పెట్టి చూస్తే మధ్యలో సందు కనిపించింది.

ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజన్ గాలి కోసం గట్టిగా పీలుస్తుంటుంది. ఆ సమయంలో మెయిన్ జెట్ (బండి వేగంగా పోయేటప్పుడు పెట్రోల్ ఇచ్చే రంధ్రం) పనిచేయదు, పెట్రోల్ అంతా ఐడిల్ జెట్ అనే సన్నని రంధ్రంలోంచి రావాలి. జెట్ మీద 45 అనో 50 అనో అంకె ఉంటే రంధ్రం 0.45 లేదా 0.50 మిల్లీమీటర్లని అర్థం, అంటే అర మిల్లీమీటరు. అంత సన్నని దారిలో వచ్చే పెట్రోల్‌కి పక్కనుంచి దొంగగాలి తోడైతే మిశ్రమం పలచబడి ఇంజన్ ఆగిపోతుంది. అదే దొంగగాలి అరవై కిలోమీటర్ల వేగంలో లెక్కలోకే రాదు, అందుకే రోడ్డు మీద బండి బ్రహ్మాండంగా పోతుంది, సిగ్నల్ దగ్గరే పరువు తీస్తుంది. ఈ గాలి కార్బరేటర్ కిందనుంచే రానక్కర్లేదు. మానిఫోల్డ్ గ్యాస్కెట్ కావచ్చు, డెల్కోకి (ప్లగ్‌లకు కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కి) వెళ్లే వాక్యూమ్ పైపు కావచ్చు, బ్రేక్ బూస్టర్ (ఇంజన్ పీల్పుతో బ్రేక్‌ని తేలిక చేసేది) ఉన్న బండ్లలో దాని పైపో డయాఫ్రమో కావచ్చు. బ్రేక్ నొక్కినప్పుడే ఆగుతుంటే ముందు ఆ బూస్టర్‌నే అనుమానించండి.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కార్బరేటర్ నోటిని అరచేత్తో కొంచెం మూయండి, పూర్తిగా కాదు. ఇంజన్ మెరుగుపడితే మిశ్రమం పలచగా ఉన్నట్టు, అంటే దొంగగాలో, ఐడిల్ జెట్‌లో చెత్తో ఉన్నట్టు. ఇంకా నీరసపడి నల్లపొగ వస్తే పెట్రోల్ ఎక్కువైనట్టు, అప్పుడు ఫ్లోట్ లెవెల్ (కార్బరేటర్ తొట్టిలో పెట్రోల్ మట్టం), నీడిల్ వాల్వ్ (తొట్టి నిండగానే పెట్రోల్ ఆపేది), ఇరుక్కున్న చోక్ చూడాలి. బ్యాక్‌ఫైర్ కొట్టే బండి అయితే మాత్రం చెయ్యి పెట్టకండి, కాలుతుంది. కార్బరేటెడ్ మారుతీ 800లో అయితే జెట్ విప్పేముందు సోలనాయిడ్ (ఐడిల్ జెట్‌కి పెట్రోల్ వదిలే కరెంటు వాల్వ్) సంగతి చూడండి. తాళం ఆన్ చేస్తే టిక్కుమనాలి. వైరు ఊడి అది పనిచేయకపోయినా ఐడిల్ నిలబడదు, ఆ వైరు పెట్టుకోవడానికి పైసా ఖర్చు కాదు.

ఇక స్లో స్క్రూ పెంచమన్న సలహా. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఇది చేసినరోజు పనిచేసినట్టే ఉంటుంది. ఆ స్క్రూ తిప్పితే జరిగేదల్లా థ్రాటిల్ కాస్త తెరుచుకుని ఉండిపోవడమే. అలా తెరుచుకున్నప్పుడు థ్రాటిల్ అంచు దగ్గర ఉండే ప్రోగ్రెషన్ రంధ్రాలు బయటపడి వాటిలోంచి కూడా పెట్రోల్ వస్తుంది, దాంతో మిక్స్చర్ స్క్రూ (ఐడిల్‌కి వచ్చే పెట్రోల్‌ని సర్దేది) ఎటు తిప్పినా తేడా కనిపించదు. నిజమైన లోపం దాక్కుంటుంది. తాళం తీసేసినా ఇంజన్ కాసేపు గడగడలాడుతూ తిరగడం, మొదటి గేర్ వేస్తే బండి ముందుకు ఉరకడం, ఇవన్నీ దానివల్లే. స్లో పెట్టడానికి ఒక వరుస ఉంది: ఇంజన్ బాగా వేడెక్కాలి, టాపెట్లు (వాల్వ్‌ల దగ్గరి సందు), పాయింట్లు (స్పార్క్ కోసం కరెంట్ తెంపే, డెల్కోలోని స్విచ్), టైమింగ్ (స్పార్క్ పడే సమయం) సరిగ్గా ఉండాలి, ఆ తర్వాతే మిక్స్చర్ స్క్రూ. దాన్ని మెల్లగా ఆనేదాకా బిగించి (బలంగా తిప్పితే సూది కొన పాడవుతుంది) ఒకటిన్నర నుంచి రెండు చుట్లు వదిలి, అక్కణ్ణుంచి ఇంజన్ ఎక్కడ బాగా పలికితే అక్కడ ఆపాలి. పూర్తిగా బిగించినా ఇంజన్ ఆగకపోతే పెట్రోల్ ఇంకెక్కడినుంచో వస్తున్నట్టు.

పాయింట్ల గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేకపోవడం విచిత్రం. కార్బరేటర్ మీద పడే నిందల్లో చాలావరకు డెల్కో చేసిన పనులే. ప్లాటినం పాయింట్ల మధ్య సందు ఉండాల్సింది సుమారు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు, బండిని బట్టి కొంచెం మారుతుంది. పాయింట్ల హీల్ (తిరిగే కామ్ మీద రాసుకునే ముక్క) అరిగేకొద్దీ ఆ సందు తగ్గిపోతుంది, తగ్గితే టైమింగ్ వెనక్కి పోయి ఐడిల్ బరువెక్కుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక చటుక్కున ఆగి, పావుగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే డెల్కో దగ్గరి కండెన్సర్‌నీ, స్పార్క్‌కి కావాల్సిన కరెంట్ ఇచ్చే కాయిల్‌నీ చూడండి. ఆగిన నిమిషంలోనే ప్లగ్ వైరు తీయించి కరెంట్ వస్తోందో లేదో చూస్తే అక్కడితో సగం గొడవ తీరుతుంది. ఆ పరీక్ష చేసేటప్పుడు చుట్టుపక్కల పెట్రోల్ చుక్క ఉండకూడదు.

చోక్ సగం లాగి నడపడం గురించి ఎక్కువ చెప్పను. ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగుతుంది, నెల తిరిగేసరికి డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ కొడుతుంది. వేడెక్కిన ఇంజన్ చోక్ లేనిదే నిలవడం లేదంటే అది మందు అక్కర్లేని జబ్బు కాదు, మిశ్రమం పలచబడిందన్న కబురు.

ఇథనాల్ మాట సగం నిజం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో మొదలైంది. మామూలు పెట్రోల్ కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం కలిసినదానికి 13.5 దరిదాపుల్లో చాలు. ఇంజక్షన్ కారులో సెన్సర్ చూసి సర్దుతుంది, మన కార్బరేటర్‌కి ఆ తెలివి లేదు, కాబట్టి మిశ్రమం కాస్త పలచబడుతుంది. మిక్స్చర్ స్క్రూ పావుచుట్టో అరచుట్టో వదిలితే ఐడిల్ వరకు సర్దుకోవచ్చు. పాత రబ్బరు పైపులు, ఏసీ పంపు డయాఫ్రమ్ దానికి ఉబ్బుతాయి, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డి కరిగి వచ్చి జెట్‌కి అడ్డంపడుతుంది. ఇవి నిజాలే, పైపులు మార్చుకోండి, ఫిల్టర్ వేయించుకోండి. కానీ నిన్నటిదాకా బాగున్న బండి ఇవాళ పొద్దున్నుంచి ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతోందంటే అదే బంకు పెట్రోల్ మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

తడిగుడ్డ మాట మాత్రం ఒప్పుకుంటాను. మే నెల ఎండలో ఏసీ పంపులో పెట్రోల్ ఆవిరైతే బండి దగ్గి దగ్గి ఆగుతుంది, తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే కదులుతుంది, పాత అంబాసిడర్ డ్రైవర్లు అందరూ చేసిందే. కానీ థర్మోస్టాట్ తీయడానికీ దీనికీ సంబంధం లేదు. తీసేస్తే ఇంజన్ పొద్దున సరిగ్గా వేడెక్కదు, ఐడిల్ ఇంకా చెడుతుంది, మళ్లీ చోక్ లాగుతారు. ఇంకో సంగతి, అరగంట నడిచాక ఆగే బండ్లన్నీ ఆవిరివల్లే ఆగవు. ఆగగానే ట్యాంక్ మూత తిప్పండి, సుయ్యిమని గాలి లోపలికి వెళితే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయిందన్నమాట. గుండుసూదితో అయిపోయే పని.

కార్బరేటర్ ఎప్పటికీ పోదని నేననడం లేదు. థ్రాటిల్ స్పిండిల్‌ని (థ్రాటిల్ రేకు తిరిగే ఇరుసును) వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, ఊగితే అది తిరిగే రంధ్రం కోడిగుడ్డులా అరిగిందన్నమాట, అక్కణ్ణుంచి వచ్చే గాలిని ఏ గ్యాస్కెట్టూ ఆపదు. అప్పుడు కూడా లేత్ షాపులో బుష్ వేయించడం కుదురుతుందేమో అడిగాకే కొత్తది కొనండి. కొంటే దాని జెట్ల మీది అంకెలు పాతవాటితో కలుస్తున్నాయో లేదో షాపులోనే విప్పించి చూడండి, కలవకపోతే మీ పాత జెట్లే అందులోకి మార్చించుకోండి.