ఇంకెన్ని ఎటాక్‌లు వస్తే ఆ ఇంజెక్షన్ ఇస్తారు?

తీవ్రమైన ఆస్తమాకు బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే జీవకణాల్లో తయారుచేసే యాంటీబాడీ మందులు, పనిచేస్తాయా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. 2003లో ఒమాలిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. 2015లో మెపోలిజుమాబ్, తర్వాత బెన్రాలిజుమాబ్, డుపిలుమాబ్, 2021 చివర్లో టెజెపెలుమాబ్ వచ్చాయి. అందరికీ పడవు గానీ, సరైన రోగికి ఇస్తే ఎటాక్‌లు దాదాపు సగానికి తగ్గుతాయి. ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్న దగ్గరే వ్యవహారం చెడుతోంది.

బ్రిటన్‌లో ఏ మందుకు ప్రభుత్వ డబ్బు ఇవ్వాలో తేల్చే నైస్ సంస్థ మెపోలిజుమాబ్‌కు పెట్టిన షరతులు చూడండి. రక్తంలో ఇయోసినోఫిల్స్ (అలర్జీ, వాపుల్లో పెరిగే ఒక రకం తెల్లకణాలు) మైక్రోలీటరుకు కనీసం 300 ఉండాలి, దానికితోడు గడిచిన ఏడాదిలో స్టెరాయిడ్ వాడాల్సినంత ఎటాక్‌లు కనీసం నాలుగు వచ్చుండాలి. లేదంటే ఆరు నెలలుగా రోజూ స్టెరాయిడ్ బిళ్లలు మింగుతూ ఉండాలి. ఇంకో దారీ ఉంది, ఇయోసినోఫిల్స్ కనీసం 400 ఉంటే మూడు ఎటాక్‌లు చాలట! ఎటాక్ అంటే నాలుగు దగ్గులు కాదు. ఒక వాక్యం పూర్తిచేయడానికి ఊపిరి చాలదు, పడుకుంటే ఆయాసం, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు పీల్చినా దిగదు. అలాంటివి మూడు వచ్చినా, ఇయోసినోఫిల్స్ 400కు చేరనివాడికి చెబుతున్నది, నాలుగోది వచ్చాక రమ్మని.

ఈలోగా ఇచ్చేది ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల. చవక, వెంటనే పనిచేస్తుంది, ప్రాణం నిలబెడుతుంది. అందుకే దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఏడాదికి రెండు మూడు చిన్న కోర్సులే కదా అనుకుంటారు, కానీ ఏళ్ల తరబడి పోగైన మోతాదు ఒంట్లోనే లెక్క రాసుకుంటుంది. షుగర్ రావచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు, కంట్లో శుక్లం రావచ్చు, ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథి పని మందగించవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఆ షుగర్ మందుల ఖర్చు, విరిగిన తుంటికి ఆపరేషన్ ఖర్చు మాత్రం ఆస్తమా ఖాతాలో పడవు. ఖాతాలో పడనిదాన్ని చవక అంటున్నాం.

ఇంతకన్నా విడ్డూరం ఇంకోటుంది. స్టెరాయిడ్ వేసుకుంటే ఇయోసినోఫిల్స్ పడిపోతాయి. కోర్సు మధ్యలో రక్తం తీస్తే రిపోర్టులో అంకె తక్కువే వస్తుంది, 'మీకు ఈ ఇంజెక్షన్ వర్తించదు' అని పంపేస్తారు. అర్హత కోసం వేసుకోమన్న మందే అర్హతను చెరిపేస్తోంది. ఇంట్లో దాచుకున్న బిళ్లలతో నెట్టుకొచ్చినవాళ్ల ఎటాక్‌లైతే ఏ రికార్డులోనూ ఉండవు. ఓర్చుకున్నందుకు శిక్ష అన్నమాట.

ఖరీదు మాటేమిటంటారా? నిజమే, చాలా ఖరీదు. పైగా తగ్గని ఆస్తమా అంతా తీవ్ర ఆస్తమా కాదు. చాలామందికి ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం నేర్పితే, రోజూ వాడేలా చూస్తే సరిపోతుంది. అన్నీ సరిదిద్దాక మిగిలేది వందమంది ఆస్తమా రోగుల్లో నలుగురి లోపే అని ఒక అంచనా. కానీ ఇది నా వాదనకే బలం. అవసరమైనవాళ్లు కొద్దిమందే అయితే అంత భయమెందుకు? ఇన్‌హేలర్ పద్ధతి చూడటానికి ఒకట్రెండు విజిట్లు చాలు, ఏళ్లు అక్కర్లేదు. ధరకూ దారి లేకపోలేదు. బయోలాజిక్ మందుకు దాదాపు సమానంగా పనిచేసే, తక్కువ ధరకు దొరికే రూపాన్ని బయోసిమిలర్ అంటారు. క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే నాణ్యత బాగుందని ముందస్తు గుర్తింపు ఇచ్చింది. ఒమాలిజుమాబ్ బయోసిమిలర్‌కూ యూరప్‌లో 2024లో, అమెరికాలో 2025లో అనుమతులొచ్చాయి.

అసలు జబ్బు ఆస్తమాది కాదు, మన ఆరోగ్య వ్యవస్థలది. రోగి ఎమర్జెన్సీలో పడితే ఆక్సిజన్, ఐసీయూ, ఏదీ ఆగదు, ఎవరూ ఫారాలు అడగరు. అదే రోగి పడకుండా ఆపే మందు అడిగితే మాత్రం సవాలక్ష రుజువులు కావాలి. కీళ్లవాతంలో వేళ్లు వంకరపోయేదాకా ఆగకూడదని డాక్టర్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఊపిరితిత్తుల విషయంలోనే ఇంకా చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం.

అడుగుతున్నది పెద్ద విప్లవమేమీ కాదు. ఏడాదిలో రెండో స్టెరాయిడ్ కోర్సు రాసిన రోజే రోగిని స్పెషలిస్టుకు పంపాలి. వీలైతే బిళ్ల మొదలుపెట్టకముందే రక్తం తీయాలి. పాత రిపోర్టుల్లో ఎక్కువొచ్చిన అంకెనూ లెక్కలోకి తీసుకోవాలి. ఇంజెక్షన్ ఇవ్వనంటే, ఈలోగా రోగి మింగబోయే స్టెరాయిడ్ ఎంతో ఆ తిరస్కరణ కాగితం మీదే రాయించాలి.