నేను రాలేదని రాసుకున్న ట్యాబ్లెట్ గారికి

సియోల్ నగరం, ఇక్సన్‌డాంగ్ సందులో, ఓ పెంకుటింటి కేఫ్ గుమ్మం పక్కన ఇనప కాలు మీద నిలబడి ఉండే వెయిటింగ్ ట్యాబ్లెట్ గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. ఇరవై నాలుగు గంటలూ ఛార్జర్ పెట్టే ఉంచుతారు కాబట్టి క్షేమంగానే ఉంటారు. మా అమ్మ మోకాళ్ల వాపు మాత్రం ఇంకా తగ్గలేదు.

మొన్న శనివారం మీ దర్శనానికి వచ్చిన వాళ్లలో ఉప్పాడ చీర, కాళ్లకి స్పోర్ట్స్ షూలు వేసుకున్నావిడ ఒకరు ఉన్నారు, గుర్తుందా? ఆవిడే మా అమ్మ. పక్కన ఉన్నది నేను. మేము రాలేదని మీరు రాసుకున్నారు. ఈ ఉత్తరం దాని గురించే.

పొద్దున్నే డేజాన్‌లో రైలెక్కి వచ్చాం. అమ్మకి ఈ దేశంలో చూడాల్సింది ఒక్కటే. తెలుగులో డబ్బింగ్ అయిన కొరియన్ సీరియల్లో హీరో హీరోయిన్లు పెంకుటింటి లోగిలిలో కూర్చుని, మంచు తురుము మీద ఎర్ర గింజలు పోసుకుని తింటారట. అది తినాలి. శనివారం కదా, అందులో గుడ్డు ఉండదని ముందే కనుక్కుంది. దాని పేరు పత్‌బింగ్సు. అందులో గుడ్డు లేదు, పాలూ ఐసూ తీపి పట్టించిన ఎర్ర గింజలూ అంతే. ఆ గింజలు మన అలసందలకి దగ్గరి చుట్టాలు. అన్నీ కుదిరాయి, మీరు తప్ప.

11:40కి మీ ఎదుట నిలబడ్డాను. మీరు నాలుగు భాషల్లో స్వాగతం పలికారు. ఎంతమంది అన్నారు, ఇద్దరం అన్నాను. ఫోన్ నంబరు అన్నారు, ఇచ్చాను. కొరియా మొబైళ్లలా 010తో మొదలు కాని నంబరు మీ దృష్టిలో నంబరే కాదు కనక అమ్మ ఫోను సంచీలోనే ఉండిపోయింది. అప్పుడు మీరు చల్లగా చెప్పారు: మీ ముందు 87 టీమ్‌లు.

"టీమ్‌లేమిటే, ఇక్కడేమన్నా క్రికెట్ ఆడతారా?" అంది అమ్మ.

తిరిగి రమ్మని ఫోన్‌కి కబురు పెడతానన్నారు. సరే, కాసేపు ఊరు చూసొద్దాం అని బయల్దేరాం. నిజం చెప్పాలంటే ఆ మాట కోసం మీకు సగం థాంక్స్ చెప్పాలి. మిగతా సగం నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

పాత పెంకుటిళ్ల వాడ బుక్‌చాన్ గుట్ట ఎక్కాం. ఫొటోలో ఆ వీధి ఎంత బావుంటుందో, మోకాళ్లకి అంత బావుండదు. అటూ ఇటూ నల్ల పెంకుల చూరులు, మధ్యలో నిటారుగా రోడ్డు, రోడ్డు నిండా అద్దెకి తెచ్చుకున్న హాన్‌బొక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) గౌన్లు ఎత్తి పట్టుకుని చెమటలు కక్కుతున్న జనం. అమ్మ పై మెట్టు మీద కూలబడి రాజమండ్రిలో పిన్నికి వీడియో కాల్ చేసింది. మా అమ్మ ఫోన్లో మాట్లాడితే రాజమండ్రికి ఫోన్ లేకపోయినా వినపడుతుంది. చొక్కా మీద యూనిఫాం కోటు తొడుక్కున్న ఒక కాపలా అమ్మాయి వచ్చి, నిశ్శబ్దం అని రాసి ఉన్న అట్ట అమ్మ ముఖం ముందు పెట్టి, వంగి దండం పెట్టి వెళ్లిపోయింది. అక్కడ పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకే బయటివాళ్లు తిరగాలి. 2025 మార్చి నుంచి, ఆ వేళ దాటి తచ్చాడితే లక్ష వోన్ల జరిమానా. తప్పేం లేదు. వాళ్లు కాపురాలు ఉంటున్న ఇళ్లవి. మన వాకిట్లోకి రోజూ వెయ్యిమంది వచ్చి సెల్ఫీలు దిగితే మనం అట్టలతో ఆగుతామా?

కిందికి దిగేటప్పుడు చాంగ్‌డక్‌గుంగ్ రాజభవనం దగ్గర ఇంకో పేచీ. హాన్‌బొక్ కట్టుకుంటే టికెట్ లేదు, లేకపోతే 3,000 వోన్లు. "మరి నా చీర సంప్రదాయం కాదా?" అని అమ్మ. టికెట్ ఇచ్చే అబ్బాయికి అది తర్జుమా చేసే ధైర్యం నాకు లేకపోయింది. లోపలికి వెళ్లలేదు.

ఈలోగా మీ నుంచి కబుర్లు. 87. 81. 74. గంట గడిచాక 58. ఆ 58 దగ్గర మీరు ఎంతసేపు కూర్చున్నారంటే, ఫోన్ చెడిపోయిందేమోనని రెండుసార్లు ఆపి పెట్టాను. మధ్యలో ఒక టీ దుకాణంలో అమ్మ సుజాంగ్వా తాగింది. అల్లం, దాల్చినచెక్క మరిగించి చల్లార్చిన పానకం. "జలుబు చేస్తే నేను కాచే కషాయంలో ఐసు వేసి ఎనిమిది వేలా!" అంది. పక్కన పెట్టిన యాక్‌గ్వా కొరికి, "ఇది తాపేశ్వరం కాజాకి మరదలే" అని ఒప్పుకుంది. పిండిలో నువ్వుల నూనె కలిపి వేయించి తేనె పాకంలో నానేస్తారు. చుట్టరికం ఉన్న మాట నిజమే.

"తిరుమల్లో కంపార్ట్‌మెంట్లో కూర్చోబెడితే పాలిస్తారు, ఉప్మా పెడతారు. ఈ పెట్టె ఏమిస్తుందే?" అని అడిగింది. అంకెలు ఇస్తుంది అన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఇన్సాడాంగ్ వీధిలో కుల్తారె చేసే కుర్రాళ్లు ఉంటారు. తేనె, మాల్ట్ పాకం కలిపి గట్టిపడిన ఉండకి చిల్లు పొడిచి, మొక్కజొన్న పిండిలో ముంచుతూ లాగుతారు. మడతపెట్టి మళ్లీ లాగుతారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. పద్నాలుగు మడతలకి 16,384 పోగులు. ప్రతి మడతకీ పాటలా అరుస్తూ లెక్క చెబుతారు. అమ్మ అంగడి ముందు చిన్నపిల్లలా నిలబడిపోయింది. పీచుమిఠాయిలా ఉందనలేదు, ఆత్రేయపురం వాళ్లు దీన్ని చూడాలి అంది. పూతరేకు ఊరి పక్కన పుట్టినావిడ నోట అది ఎంత పెద్ద మెచ్చుకోలో మీకు అర్థం కాదు.

అతను 1,024 దగ్గర ఉండగా నా ఫోన్ మోగింది. మీ ముందు 31 టీమ్‌లు. 2,048 అన్నాడు. మళ్లీ మోగింది, 12. 4,096 అన్నాడు. మోగింది. లోపలికి రండి, అయిదు నిమిషాల్లో.

రెండు గంటలుగా నత్తలా పాకిన అంకె, అతను నాలుగు వేలు లెక్కపెట్టేలోపు సున్నా అయిపోయింది. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ సందులో ప్రతివాడూ నాలుగు దుకాణాల్లో నంబరు ఇచ్చి పెడతాడు, ఏది ముందు పిలిస్తే దాన్లో దూరి మిగతా మూడూ వదిలేస్తాడు. నా ముందున్న 58 టీమ్‌లలో సగం మనుషులే కాదు. వాళ్ల దయ్యాల వెనకాల నేనూ అమ్మా రెండు గంటల నలభై నిమిషాలు నిలబడ్డాం.

పరుగెత్తాం. అమ్మ ఉప్పాడ చీర కుచ్చిళ్లు పట్టుకుని సియోల్ జీబ్రా క్రాసింగ్ మీద పరుగెత్తింది. ఎర్ర సిగ్నల్ పడింది, ఆగాం. ఇక్సన్‌డాంగ్ సందుల్లో ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడోవాడు గోడ ఎక్కాలి, పైగా ప్రతి గుమ్మం ముందూ ఎవరో ఒకరు గుమ్మాన్ని కౌగిలించుకుని ఫొటో దిగుతున్నారు. మీ ఎదుటికి వచ్చి పడేసరికి ఏడో నిమిషం.

మీ తెర మీద నా నంబరు కొట్టాను. మీరు చెప్పారు: నో-షో. రద్దయింది. మళ్లీ పెట్టబోతే, ఈ రోజుకి వెయిటింగ్ ముగిసింది.

నో-షో! అంటే రానివాళ్లు. నేను రాలేదు! డేజాన్ నుంచి రైల్లో వచ్చినదాన్ని, పద్నాలుగు వేల అడుగులు నడిచినదాన్ని, గుట్ట ఎక్కి దిగి, అమ్మ చెయ్యి పట్టుకుని రొప్పుతూ నీ ముందు నిలబడ్డదాన్ని నేను రాలేదట! ఒరే, నీ కెమెరా ఎక్కడుందో నాకు తెలుసు, ఓసారి కళ్లు తెరిచి చూడు. రెండడుగుల దూరంలో ఉన్నాను. మా నూట అరవై నిమిషాలకి నీ దగ్గర లెక్క లేదు, నీ అయిదు నిమిషాలకి సెకన్లతో సహా లెక్కా? నాలుగు చోట్ల పేరిచ్చి ఎగ్గొట్టినవాడూ, ఒక్కచోటే పేరిచ్చి రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాళ్లూ నీకు ఒకటేనా? పిలిచే నోరు నీకుంది. వచ్చామని చెప్పుకోవడానికి మాకు నీ దగ్గర ఒక్క బటనైనా లేదే!

నువ్వు అన్నందుకు ఏమీ అనుకోకండి. 

లోపలి కుర్రాడు మంచివాడే. నాలుగుసార్లు వంగి క్షమాపణ చెప్పాడు. చెప్పి, ఏం చేయమంటారు, సిస్టమ్ అన్నాడు. ఈ ఒక్క మాటకి డబ్బింగ్ అక్కర్లేదు, అమ్మకి మన బ్యాంకులో విన్న మాటలాగే అర్థమైంది.

నేను కుర్రాడితో వాదిస్తుంటే అమ్మ గుమ్మం ముందున్న రాతి మెట్టు మీద కూర్చుని అద్దం లోంచి లోపలికి చూసింది. నాలుగు వైపులా గదులు, మధ్యలో లోగిలి. అమలాపురం దగ్గర వాళ్ల తాతగారి మండువా ఇల్లు ఇలాగే ఉండేదట. తేడా ఏమిటంటే ఆ మండువాలో వాన పడేది, ఇక్కడ పైన గాజు కప్పేసి ఏసీ పెట్టారు. "ఆకాశానికి కూడా మూత పెట్టారే" అంది.

ఈ సందులు మీరు పుట్టించినవి కావు, ఒక మాట చెబుతాను వినండి. 1920, 30ల్లో జపాన్ వాళ్లు నగరంలో ఉత్తరం వైపు ఇళ్లు కట్టుకుంటూ వస్తుంటే, జాంగ్ సేగ్వన్ అనే ఆయన జమీందారీ లోగిళ్లు కొని, ముక్కలు చేసి, మామూలు కొరియావాళ్లు కొనుక్కోగల చిన్న చిన్న పెంకుటిళ్లు కట్టి అమ్మాడు. బుక్‌చాన్‌లో కట్టాడు, మీ ఇక్సన్‌డాంగ్‌లోనూ కట్టాడు. మనవాళ్లకి ఉండటానికి చోటుండాలని ఆయన పట్టుదల. ఆ డబ్బుతోనే కొరియన్ భాషా సంఘానికి భవనం ఇచ్చాడు, 1942లో ఆ సంఘం మీద పోలీసులు పడ్డప్పుడు తన్నులూ తిన్నాడు. ఆయన కట్టిన సందులో ఇప్పుడు మెనూ కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి, కూర్చోవడానికి రాతి మెట్టు తప్ప ఏమీ లేదు. 2004లో ఇక్కడి ఇళ్లన్నీ పడగొట్టి పెద్ద భవనాలు కడదామనుకున్నారట. ఆగి, 2018లో కాపాడాల్సిన వాడ అని ప్రకటించారు. కాపాడింది మీకోసమా అనిపించింది నాకు ఆ నిమిషంలో.

తిరిగి వెళ్తూ నాగ్వన్‌డాంగ్‌లో బియ్యప్పిండి మిఠాయిల దుకాణంలో ఇంజల్మి పొట్లం కొన్నాం. జిగురు బియ్యం ముద్దలు, పైన వేయించిన సోయా పిండి. రైల్లో తింటే పిండి అంతా చీర మీద పడింది. అమ్మకి అంతగా నచ్చలేదు కూడా. సున్నుండ అనుకుని కొరికింది, పళ్లకి అంటుకుంది. కిటికీ వైపు తిరిగి నిద్రపోయింది.

గురువారం ఆవిణ్ని విమానం ఎక్కించాను. నిన్న పిన్ని ఫోన్ చేసింది, అమ్మ ఊళ్లో అందరికీ చెబుతోందట. పెంకుటింటి లోగిలిలో కూర్చోబెట్టారట. మంచు తురుము వెండిగిన్నెలో కొండంత పోశారట. ఎర్ర గింజలు మెత్తగా ఉడికాయట, తీపి మాత్రం మన నోటికి కాస్త తక్కువేనట. జనం బాగా ఉన్నా మమ్మల్ని వెంటనే పిలిచారట.

కాబట్టి ట్యాబ్లెట్ గారూ, రాజమండ్రి వైపు నుంచి ఎవరైనా వచ్చి ఆ శనివారం సంగతి అడిగితే, మీ రికార్డు మాత్రం తెరవకండి.

ఇట్లు,
రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన
88వ టీమ్